ఆరు వేల బారల లోతు

"బంగాళాఖాతం వద్దు నాన్నా, అది నీ సముద్రం" అంది మా పదేళ్ల అమ్మాయి. స్కూల్ ప్రాజెక్టుకి సముద్రగర్భం తీసుకుంది. రాస్తే పసిఫిక్‌లోని మరియానా అగాధం గురించే రాస్తానంది. నాకు మనసొప్పలేదు. కళింగపట్నం దగ్గర వేటకెళ్లే ఇంట్లో పుట్టినవాణ్ణి. నా బిడ్డ సముద్రం గురించి రాస్తే అందులో మా నీళ్లుండాలని పట్టుబట్టాను.

వీడియో కాల్‌లో గొడవ మా నాన్న దాకా వెళ్లింది. "ఎంత లోతేటి తల్లీ?" అని అడిగారు. దాదాపు 10,900 మీటర్లంది. "బారల్లో చెప్పు" అంటూ రెండు చేతులూ చాపి చూపించారు. సీసపు గుండు కట్టిన తాడు నీళ్లలోకి వదిలి, పైకి లాగుతూ ఒక్కో బారా లెక్కపెట్టడం ఆయనకి అలవాటు. అమ్మాయి కాగితం మీద లెక్కేసి, ఆరు వేల బారలు అంది. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అక్కడ చేపుంటాదేటి?" అన్నారు.

ఇక ఆగలేదు పిల్ల. 200 మీటర్లు దాటితే వెలుగు సన్నగిల్లుతుందట, వెయ్యి దాటితే చిమ్మచీకటే. ప్రతి పది మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 1960లో ఇద్దరు మనుషులు ట్రియెస్ట్ అనే నౌకలో అడుగు దాకా దిగారు. 2022లో జపాన్ దగ్గర 8,336 మీటర్ల లోతున ఒక చేప కెమెరాకి చిక్కింది. ఒంట్లో గాలితిత్తి లేదు కాబట్టి నలిగిపోవడానికేమీ లేదు. తెలుగు తడబడినా తాతకి అర్థమయ్యేదాకా చెప్పింది. నేనెంత బతిమాలినా ఆయనతో అంతసేపు మాట్లాడేది కాదు.

ఆ రాత్రి నేనూ చదివాను. బంగాళాఖాతం సగటు లోతు 2,600 మీటర్లు. గంగ, బ్రహ్మపుత్ర తెచ్చిపోసిన ఒండ్రు అడుగున శ్రీలంక దాటి సుమారు 3,000 కిలోమీటర్ల దాకా పరుచుకుంది. నదుల మంచినీళ్లు తేలికై పైనే నిలుస్తాయి, కింది నీళ్లతో సరిగ్గా కలవవు. వంద మీటర్ల దిగువన ఆక్సిజన్ దాదాపు లేని మందపాటి పొర ఉండటానికి అదీ ఒక కారణం. మా నాన్న ఇన్నేళ్లూ తెప్ప నడిపింది దాని మీదే.

పొద్దున్నే ఇదంతా చెప్పాను. శ్రద్ధగా వింది, రెండు ప్రశ్నలడిగింది. ప్రాజెక్టు మాత్రం మరియానా మీదే అంది.

పిల్లల ఇష్టంలోంచే మన ఊరికి దారి వెయ్యాలని తోటివాళ్లకి చెబుతుంటాను. ఇప్పుడా మాట అనడానికి సందేహంగా ఉంది. దానికి సముద్రం కావాలి, నాకు మా ఊరు కావాలి. దాని ఇష్టానికి నా బెంగ తగిలిస్తున్నానేమో. అలాగని వదిలేస్తే, తాత పోయాక ఆ తీరంతో దానికేం పని మిగులుతుంది? వేసవికి ఊరెళ్తున్నాం. ఆయన తనని తెప్ప మీద తీసుకెళ్తానంటున్నారు. తను ఇంకా ఏ మాటా చెప్పలేదు. ఈసారి నేను బలవంతపెట్టను.