వంకాయ అన్నాడు, అంతే

పదకొండున్నర దాటింది. అందరూ పడుకున్నారు. నాకు నిద్ర పట్టట్లేదు. స్కూల్లో టీచరు పెన్సిల్‌తో గీసిన గీతే కళ్ల ముందు మెదులుతోంది.

ఆడపడుచు కొడుకు, మా చిన్నోడి ఎల్‌కేజీ సీటు కోసం ఇవాళ తనతో వెళ్లాను. "నువ్వు పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది వదినా" అంటే సెలవు పెట్టేశాను. జూన్‌లో మొదలయ్యే క్లాసుకి జనవరిలోనే సీట్లు అయిపోతాయట. అప్లికేషన్‌కి వెయ్యి రూపాయలు, సీటు రాకపోయినా తిరిగివ్వరు. పరీక్షేమీ ఉండదు, పిల్లాడితో ఊరికే ఇంటరాక్షన్ అన్నారు.

చిన్న బల్ల, దాని మీద బొమ్మల కార్డులు. బస్సు చూపిస్తే బస్సన్నాడు, బంతి చూపిస్తే బాల్ అన్నాడు. మూడో కార్డు మీద నిగనిగలాడే వంకాయ. వాడి మొహం విప్పారింది. "వంకాయ!" అని అరిచాడు. "ఇంగ్లీష్‌లో?" అంది టీచరు. వాడు కాసేపు ఆలోచించి "వంకాయ కూర" అన్నాడు. ఆవిడ మొహంలో నవ్వన్నది లేదు. ముందున్న కాగితం మీద ఒక గడిలో పెన్సిల్‌తో అడ్డంగా గీత పెట్టింది. "ఇంట్లో కాస్త ఇంగ్లీష్ మాట్లాడండి మేడం, లేకపోతే బాబుకే కష్టం" అని మాకు చెప్పింది. ఆ తర్వాత ఎన్ని కార్డులు చూపించినా వాడు నోరు విప్పలేదు.

నాలుగేళ్లవాడు వంకాయను గుర్తుపట్టాడు. దాన్ని కూర వండుతారనీ తెలుసు. ఆ వయసుకి ఇంకేం రావాలి? అయిదో తరగతి దాకా అయినా వీలైనచోట ఇంటి భాషలోనే చెప్పమని 2020 జాతీయ విద్యావిధానంలో రాసుకున్నాం. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఆటపాటలతోనే నేర్పాలని కూడా అందులోనే ఉంది. ఇక్కడ రంగు రంగుల గోడలున్నాయి, జారుడుబల్ల ఉంది, తన భాషలో మాట్లాడిన పిల్లాడికి ఒక గీత కూడా ఉంది.

ఇంటికొచ్చాక విద్యాహక్కు చట్టం తీసి చదివాను. 13వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది. బడిలో చేర్చుకోవడానికి పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ పరీక్షించి ఎంచకూడదు. మొదటిసారి అలా చేస్తే 25 వేల దాకా, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల దాకా జరిమానా. చదవగానే ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ చట్టంలో బాలలంటే 6 నుంచి 14 ఏళ్లవాళ్లు. మావాడికి నాలుగు.

అంతకుముందు ఆటోలో తిరిగొస్తుంటేనే మా ఊరి బడి గుర్తొచ్చింది. తాతయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లాడు. కొత్త పలక, జేబులో రెండు బలపాలు. మేష్టారు నన్ను అరుగు మీద నిలబెట్టి, "కుడి చెయ్యి తల మీద నుంచి తీసుకెళ్లి ఎడమ చెవి పట్టుకో" అన్నారు. పుట్టిన తేదీ కాగితాలు ఎవరి దగ్గరా ఉండేవి కాదు, వయసు కొలిచేది అలాగే. ఎంత సాగదీసినా నా వేళ్లు చెవి పైభాగం దాకా కూడా పోలేదు. "ఇంకో ఏడాది ఆడుకోనివ్వండి బాబాయ్" అన్నారాయన. దారి పొడుగునా ఏడ్చాను. తాతయ్య ఏమీ అనలేదు, చెరువుగట్టు మీద దించి తాటిముంజెలు కొనిపెట్టాడు. ఆ ఏడాదంతా పొద్దున్న లేవగానే చెయ్యి తల మీద పెట్టుకుని చూసుకునేదాన్ని. నాయనమ్మ చింతగింజలతో వందదాకా లెక్క నేర్పింది. వాకిట్లో ఇసక పరిచి అ, ఆ దిద్దించింది. చిక్కుడుకాయలు ఒలవడానికి కూర్చోబెట్టేది. వేళ్లకి బలం వచ్చింది దానివల్లేనని ఇప్పుడు తెలుస్తోంది. మరుసటి ఏడు చెవి అందింది.

ఇదంతా ఆడపడుచుకి ఆటోలోనే చెప్పేశాను. ఆ రోజుల్లో పిల్లల్ని పిల్లల్లా చూశారు, మీరే తొందరపడుతున్నారు అన్నాను. తను బయటికి చూస్తూ ఊరుకుంది.

ఇది టైప్ చేస్తుంటే ఇంకోటి గుర్తొస్తోంది. ఆ రోజు నాతోపాటు పక్కింటమ్మాయి కూడా అరుగెక్కింది. తనకీ చెవి అందలేదు. మరుసటి ఏడు తనని ఎవరూ మళ్లీ తీసుకురాలేదు. తమ్ముడు పుట్టాడు, వాణ్ణి ఎత్తుకుని మా బడి కిటికీ దగ్గర నిలబడేది. నాకు తాతయ్య ఉన్నాడు, నాయనమ్మ ఉంది, చింతగింజలు లెక్కపెట్టించే తీరిక ఇంట్లో ఉంది. ఆటోలో ఇదెందుకు గుర్తురాలేదో.

ఆడపడుచుకి ఆ తీరిక ఎక్కడిది? ఇద్దరూ ఏడింటికి గానీ ఇల్లు చేరరు. సాయంత్రం ఆరున్నర దాకా పిల్లాణ్ణి ఉంచుకునేది ఆ చుట్టుపక్కల ఆ స్కూలొక్కటే. నాకు నచ్చిన ఇంకో బడి ఉంది. అక్కడ టీచర్లు కింద చాప మీద పిల్లలతో కూర్చుంటారు, చేతులు కడుక్కునే కుళాయిలు పిల్లలకి అందే ఎత్తులో ఉన్నాయి, ఎల్‌కేజీలో నాలుగు గీతల పుస్తకం ఊసే లేదు. కానీ బస్సులో యాభై నిమిషాలు, పన్నెండున్నరకే వదిలేస్తారు. నిద్రమత్తులో ఉన్న నాలుగేళ్లవాణ్ణి రోజూ గంటన్నరకు పైగా బస్సులో తిప్పి, మధ్యాహ్నం ఎవరి చేతిలో పెడుతుంది? నేను బడిని చూశాను, తను రోజంతా ఎలా గడుస్తుందో చూసుకుంటోంది.

అయినా ఆ గీత నాకు మింగుడుపడట్లేదు. సాయంత్రం నీళ్లు కావాలంటే వేలుతో బిందె చూపించాడు. అన్నం దగ్గరా అంతే, కూర వైపు చెయ్యి చాపాడు. మధ్యాహ్నం నిద్రలేక చిరాగ్గా ఉన్నాడని వాళ్లమ్మ అంది. అదే అయ్యుండొచ్చు. రోజూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాడు మరి.

అక్కడే చేర్చినా సరే, ఆదివారాలు వాణ్ణి నా దగ్గర వదలమని అడుగుతాను. రైతుబజారుకి తీసుకెళ్తాను. కనబడిన ప్రతి కూరగాయ పేరూ వాడి నోటితోనే, వాడికొచ్చిన మాటలోనే చెప్పిస్తాను. బ్రింజాల్ కూడా చెబుతాను, వంకాయ తర్వాత.

డబ్బు కట్టడానికి శుక్రవారం ఆఖరు. ఆటోలో నేనన్న మాటకి పొద్దున్నే ఫోన్ చెయ్యాలి తనకి.