మొదటి సెషన్

“మీకు ఎక్కడ నచ్చితే అక్కడ కూర్చోండి” అన్నారు కౌన్సెలర్ ఆవిడ. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నా, బ్యాగ్ ఒళ్లోనే పెట్టుకుని.

నన్నేం అడగలేదు, ముందు తన గురించే చెప్పారు, చాలా ఏళ్లు నర్సుగా చేసి తర్వాత సైకాలజీ చదివారట. ఇక్కడ మాట్లాడింది బయటికి పోదు, ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉందనిపిస్తే తప్ప, అని కూడా ముందే చెప్పేశారు.

మధ్యలో ఏడుపొచ్చేసింది. టిష్యూల డబ్బా పక్కనే ఉంది కానీ ఆవిడ అందించలేదు, తర్వాత అడిగితే “అందిస్తే ఇక ఆపమన్నట్టు అనిపిస్తుంది కొందరికి” అన్నారు. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ అలా ఏడవనివ్వలేదు.

అమెరికన్ సైకాలజిస్ట్ కార్ల్ రోజర్స్ 1950ల్లోనే చెప్పాడట, మనిషిని ముందు ఉన్నదున్నట్టు ఒప్పుకోవాలని. ఈరోజు అర్థమైంది.

లేచేటప్పుడు చూస్తే బ్యాగ్ కింద ఉంది, ఎప్పుడు పెట్టానో!