ఆరో వరసలో రూక్

రాత్రంతా బస్సులో కూర్చుని నడుం పట్టేసింది. పొద్దున్నే చదరంగం పోటీ హాలు బయట అంటించిన, ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే జతల కాయితం చూడగానే పక్క సీట్లో వచ్చిన కుర్రాడి మొహం వాడిపోయింది. ఆటగాడి బలం చెప్పే అంకె, రేటింగ్, వాడిది 1750, ఎదుటివాడిది 2150. ఓడినా ఇంటికి పంపకుండా అందరినీ అన్ని రౌండ్లూ ఆడించే స్విస్ పద్ధతిలో మొదటి రౌండంటే, రేటింగ్ వరసలో పై సగం కింది సగంతో ఆడాల్సిందే. 80 మంది వస్తే ఒకటో నంబరుకి 41 తగులుతుంది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనిపించడం మాత్రం సహజం.

లెక్క చూస్తే కుర్రాడికే లాభం. గెలుపుకి 1, డ్రాకి 0.5 అనుకుంటే, 400 తేడాకి వాడి నుంచి ఆశించేది 0.08 పాయింటే. 18 నిండలేదు గనుక, ఆ తేడాని రేటింగ్‌గా మార్చే గుణకం కె 40; ఓడితే రేటింగ్‌లో పోయేది 3.2, డ్రా అయితే వచ్చేది 16.8.

అయినా భయపడ్డాడు. ఎదురైన పావునల్లా మార్చేసుకున్నాడు. బల్ల ఖాళీ అయితే డ్రా అయిపోతుందని చిన్న రేటింగ్ వాళ్ళకి ఓ భ్రమ. మంత్రులు పోయాక డీ5 గడిలో (నిలువు వరసకి అక్షరం, అడ్డ వరసకి అంకె) పక్కన తోడు బంట్లు లేని వాడి ఒంటరి బంటుకి కాపలా కరువై, 31వ ఎత్తులో అదీ పోయింది.

తర్వాత తొందరపడ్డది తెల్ల పావులతో ఆడుతున్న ఎదుటి పెద్దాయన. బంటు లాభంలో ఉన్నవాడు పావులు మార్చుకోవాలి గానీ బంట్లు కాదు. ఆయన బంట్లే మార్చి, చివరికి ఒక్కటి మిగుల్చుకున్నాడు. తెల్ల రాజు డీ5, బంటు ఈ5, రూక్ (ఏనుగు) హెచ్7. నల్ల రాజు ఈ8. కుర్రాడు రూక్‌ని ఏ6లో పెట్టాడు. 18వ శతాబ్దపు చదరంగం ఆటగాడు ఫిలిదోర్ చూపిన రక్షణ అది. ఆరో వరస మూసేస్తే తెల్ల రాజు ముందుకు రాలేడు. రూక్‌ని ఎనిమిదో వరసలో రాజు పక్కన కట్టేసి ఉంటే, మధ్య బంటు కాబట్టి ఓటమే.

విసిగి ఆయన బంటుని ఈ6కి తోశాడు. వెంటనే రూక్ ఏ1కి దిగింది. తెల్ల రాజు చెక్‌ల నుంచి దాక్కోవాల్సిన గడిలో సొంత బంటే ఉంది. ఇక వెనకనుంచి చెక్ మీద చెక్.

ఒకే స్థితి మూడుసార్లు వస్తే డ్రా అడగొచ్చు. అదే స్థితి మూడోసారి వచ్చేలా కుర్రాడు డీ1లో చెక్ ఇచ్చి, అప్పుడు డ్రా అడగడానికి గడియారం ఆపాడు. పోటీ తీర్పరి, ఆర్బిటర్, ఒప్పుకోలేదు: పావు ముట్టుకున్నాక ఆ ఎత్తుకి డ్రా అడిగే హక్కు పోతుంది. తెల్ల రాజు ఈ5, ఈ1లో చెక్, మళ్ళీ డీ6. ఈసారి చేతులు కట్టుకుని, ఆడబోయే ఎత్తుని, ఎత్తులు రాసుకునే స్కోర్‌షీట్ మీద రాసి మాత్రమే ఆర్బిటర్‌ని పిలిచాడు. డ్రా.

రెండో రౌండు జతలు వేయడానికి ఆర్బిటర్ అప్పటిదాకా ఈ ఒక్క ఫలితం కోసమే కూర్చుని ఉన్నాడు.