నాన్న పేరున ఉన్న పట్టా, "వచ్చే వారం" తహశీల్

ఒడిశాలో రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు మన తెలుగు ఇళ్లలో పోయిన పెద్దల పేరు పట్టాలో ఏళ్లతరబడి అలాగే ఉండిపోతుంది. అందరూ బద్ధకం అంటారు. చాలావరకు భయమే: కాగితమంతా ఒడియా, తహశీల్ ఆఫీసులో గుమాస్తా ఏదైనా అడిగితే నోరు పెగలదేమోనని. వాయిదా వేయగానే గుండె కుదుటపడుతుంది, చిక్కంతా అక్కడే. ఆ ఊరటే మళ్లీ వాయిదా వేయడం నేర్పుతుంది. సిరోయిస్, పిచిల్ అనే మనస్తత్వవేత్తలు 2013లో రాసిందీ దాదాపు ఇదే.

అందుకే "మ్యుటేషన్ (పట్టాలో పేరు మార్పు) చేయించాలి" అని రాసుకోకండి, అంత పెద్ద పని చూస్తే భయం ఇంకా ముదురుతుంది. ఈ రాత్రి పది నిమిషాలు చాలు. ఫోన్‌లో భూలేఖ్ (ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు) తెరిచి జిల్లా, తహశీల్, గ్రామం, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) సర్కిల్ ఎంచి, పట్టా మీది ఖాతా నంబరుతో వెతకండి. వచ్చేది ఒడియాలోనే. ప్రింటు తీసి, ఒడియా బడిలో చదివిన పిల్లలతో చదివించుకుని పక్కన తెలుగులో రాసుకోండి (పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి).

తహశీల్ ఆఫీసుకు "వీలున్నప్పుడు వెళ్దాం" అంటే జరగదు. "సోమవారం టిఫిన్ కాగానే" అనుకోవాలి. అడగాల్సిన మూడు ప్రశ్నలు ఒడియా మాటల్లో, తెలుగు లిపిలో చీటీ మీద ఉండాలి. మొదటిసారి దరఖాస్తు ఇవ్వాలని పెట్టుకోవద్దు. ఏ కాగితాలు కావాలో రాయించుకుని వచ్చేయండి. ఇంటికొచ్చిన సాయంత్రమే రెండో తేదీ పెట్టేయాలి, ఆలస్యమైతే భయం మళ్లీ పేరుకుంటుంది.