నిష్పత్తి లెక్కల్లో ‘కె’ రాయడం దండగ కాదు

ఎస్ఎస్‌సీ సీజీఎల్ (కేంద్ర ప్రభుత్వ కొలువులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే డిగ్రీ స్థాయి పరీక్ష) తుది ఫలితాల్లో నా నంబరు కనిపించినప్పటి నుంచి, కర్నూలు జిల్లా గ్రంథాలయంలో నాతోపాటు చదువుకున్న మిత్రులు క్వాంట్ (గణిత విభాగం) గురించే ఎక్కువగా అడుగుతున్నారు. సిలబస్, పరీక్ష విధానం మీకు తెలిసినవే కనుక, నాకు దారి చూపిన ఒక్క విషయాన్నే వివరంగా రాస్తాను.

ఎ/బి = 3/4 అయితే (5ఎ + 2బి)/(7ఎ − 3బి) విలువెంత అని అడిగితే, ఎ బదులు 3, బి బదులు 4 వేసి 23/9 అని గుర్తించడం కోచింగుల్లో అందరికీ నేర్పేదే. అది ఎందుకు పనిచేస్తుందో నాకు తేటతెల్లమైంది మాత్రం ఒక సాయంత్రం పాత ప్రశ్నపత్రం ముందేసుకుని కూర్చున్నప్పుడే. రెండింటికీ ఉమ్మడి గుణకం కె అనుకుని ఎ = 3కె, బి = 4కె అని రాస్తే లవంలో 23కె, హారంలో 9కె వచ్చి, కె కొట్టుడుపోతుంది. (ఎ² + ఎబి)/(ఎ² − బి²)లోనూ 21కె², −7కె² వచ్చి విలువ −3 అవుతుంది. కానీ (ఎ² + బి²)/(ఎ + బి) అని అడిగితే 25కె/7 దగ్గర ఆగిపోతాం; ఎ + బి = 21 వంటి మరో సమాచారం ఉంటేనే కె = 3 అని తేలి, జవాబు 75/7 వస్తుంది. నేరుగా 3, 4 వేసినవారికి 25/7 వస్తుంది, ఆప్షన్లలో అది కనిపిస్తే మారుమాట లేకుండా పెట్టేస్తారు. అందుకే లవహారాల పరిమాణం (వాటిలో కెకు వచ్చే ఘాతం) ఒకటేనా కాదా అన్నది నేను మొదట చూస్తాను.

కె రాస్తూ కూర్చుంటే 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు ఎలా పూర్తవుతాయని చాలామంది నన్ను వారించారు. ప్రతి తప్పుకు అర మార్కు పోయే తొలి దశ పరీక్ష టియర్-1లో ఆ ఒక్క వరుస నన్ను కాపాడిందే తప్ప వెనక్కి లాగలేదని ఈ రోజు ధైర్యంగా చెప్పగలను. వందల షార్ట్‌కట్లు బట్టీ పట్టేకంటే, ఒక్క పద్ధతి మూలం తెలుసుకుని రోజూ సాధన చేయడమే నిజమైన క్రమశిక్షణ అని నా నమ్మకం.

(ఎక్స్ + వై)/(ఎక్స్ − వై) = 7/3 అయితే కాంపొనెండో–డివిడెండోతో (లవహారాల మొత్తాన్ని వాటి తేడాతో భాగించే పద్ధతితో) ఎక్స్/వై = 10/4, అంటే 5/2; ఆ రకం మీకు అలవాటే. వర్గాలు వచ్చినప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. ఎ:బి = 3:4, ఎ² + బి² = 100 అని ఇస్తే కె² = 4 కనుక ఎ + బి విలువ 14 కావచ్చు, −14 కూడా కావచ్చు; ప్రశ్నలో ‘ధన సంఖ్యలు’ అన్న మాట ఉందేమో చూశాకే ఆప్షన్ పెట్టండి.