రీబూట్ టాక్: మొదటి రాత్రి మాటలు, రెండో వారం లెక్కలు

2013లో వచ్చిన సూపర్‌మ్యాన్ రీబూట్ 'మ్యాన్ ఆఫ్ స్టీల్'కి సినిమాస్కోర్ (మొదటి రాత్రి ప్రేక్షకులు వేసే మార్కులు) గ్రేడు ఏ మైనస్. 2025 'సూపర్‌మ్యాన్'కి కూడా ఏ మైనసే. అమెరికా, కెనడాల్లో మొదటి వారాంతం వసూళ్లూ దగ్గరదగ్గరే: దానికి 11.66 కోట్ల డాలర్లు, దీనికి 12.5 కోట్లు. ఇంతవరకు చూస్తే రెండిటికీ ఒకే టాక్ వచ్చిందనుకుంటాం. రెండో వారాంతంలో అసలు తేడా బయటపడింది. మొదటిది 65 శాతం దాకా జారింది, రెండోది 53 శాతం దగ్గర నిలబడింది. ఫుల్ రన్‌లో ఒకటి 29 కోట్లు దాటింది, ఇంకోటి 35 కోట్లు దాటింది. మధ్యలో పన్నెండేళ్ల టికెట్ రేట్ల తేడా ఉంది కాబట్టి మొత్తాలను పక్కపక్కన పెట్టడం తప్పు. చూడాల్సింది నిష్పత్తి. మొదటి వారాంతంతో మొత్తాన్ని భాగిస్తే ఒకదానికి 2.5, ఇంకోదానికి 2.8 వస్తుంది.

రీబూట్ (పాత హీరో కథని కొత్తగా మళ్లీ మొదలుపెట్టే సినిమా) మీద మొదటి రోజు వినిపించే మాటల్లో సగం ఆ సినిమా గురించి కావు, దానికి ముందు వచ్చిన సినిమా గురించి. ఈ సంగతి మర్చిపోతే ఏ స్కోరూ సరిగ్గా అర్థం కాదు. ఎవరైనా 'బాగుంది', 'చెడగొట్టారు' అన్నప్పుడు ముందు అడగాల్సింది 'దేనితో పోలిస్తే?' అని.

సినిమాస్కోర్ సంగతి ముందు చూద్దాం. విడుదల రోజు రాత్రి థియేటర్లలో ప్రేక్షకులకు చిన్న కార్డు ఇస్తారు. గ్రేడు, వయసు, ఎందుకొచ్చారు లాంటి కొన్ని ప్రశ్నలు, అంతే. 1979 నుంచి పద్ధతి పెద్దగా మారలేదు. మొదటి రాత్రే వచ్చేవాళ్లు ఆ హీరో కోసం ఎదురుచూసినవాళ్లు. నచ్చాలని ముందే సిద్ధపడి వచ్చినవాళ్ల చేత వేయించిన మార్కులివి. అందుకే సూపర్‌హీరో సినిమాకి ఏ మైనస్ అంటే 'పర్వాలేదు' అని చదువుకోవాలి. బి ప్లస్ వస్తే అనుమానించాలి. బి వస్తే రెండో వారం గండమే. 2016లో 'బ్యాట్‌మ్యాన్ వర్సెస్ సూపర్‌మ్యాన్'కి బి వచ్చింది. 16.6 కోట్ల డాలర్లతో మొదలైన సినిమా రెండో వారాంతంలో 69 శాతం పడింది, మొత్తం మీద మొదటి వారాంతానికి రెండింతలు కూడా పూర్తిగా చేయలేదు. 2015 'ఫెంటాస్టిక్ ఫోర్'కి వచ్చింది సి మైనస్. ఎదురుచూసి వచ్చినవాళ్లే అలా వేశారంటే మిగతావాళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

సినిమా రివ్యూలని పోగేసే సైటు రాటెన్ టొమాటోస్ ఇచ్చే శాతాన్ని చాలామంది మార్కులు అనుకుంటారు. కాదు. ఎంతమంది విమర్శకులు 'చూడొచ్చు' అన్నారో ఆ శాతం అది. అందరూ ఐదుకి మూడు వేసినా నూరు శాతం రావచ్చు. ప్రేక్షకుల వైపు మూడున్నర నక్షత్రాలు, ఆపైన ఇస్తే పాజిటివ్ కింద లెక్క, మూడిస్తే నెగెటివ్ కింద లెక్క. 'ఓకే, ఒకసారి చూడొచ్చు' అనుకుని మూడు నొక్కినవాళ్లందరూ తెలియకుండానే సినిమాకి వ్యతిరేకంగా ఓటేసినట్టే. 2019 ఫిబ్రవరిలో ఆ సైటు విడుదలకు ముందే వ్యాఖ్యలు పెట్టే వీలు తీసేసింది, అదే ఏడాది మే నుంచి టికెట్ కొన్నట్టు రుజువున్న రేటింగులను ముందుకు తెచ్చింది. రుజువున్నవాళ్ల శాతం ఒకలా, అందరిదీ కలిపితే ఇంకోలా ఉంటే ఆ తేడాని గమనించండి. తేడా పెద్దదైతే అక్కడ నడుస్తున్నది సినిమా చర్చ కాదు, పంచాయితీ.

జనం పదికి మార్కులేసే ఐఎండీబీ సైటులో సగటు కంటే పనికొచ్చేది దాని కింద ఉండే ఓట్ల పట్టీ. పది దగ్గరా ఒకటి దగ్గరా ఓట్లు ఎత్తుగా లేచి మధ్యలో పల్లంగా ఉంటే రెండు అభిమాన వర్గాలు కొట్టుకుంటున్నాయని అర్థం. ఏడు, ఎనిమిది దగ్గర గుట్టలా ఉంటే సినిమా చూసి ఓటేసినవాళ్లే ఎక్కువమంది. మొదటి రెండ్రోజులు ఈ పట్టీని పట్టించుకోవద్దు. ఆదివారం రాత్రి ఒకసారి, మళ్లీ పది రోజులకి ఒకసారి చూస్తే చాలు. రెండుసార్లకీ మధ్య ఆకారం మారిందా లేదా అన్నదే సమాచారం.

ఇక మాటల్లోకి వద్దాం. రీబూట్‌ని తిట్టేవాళ్ల నోట తరచుగా వచ్చేది 'అసలు క్యారెక్టర్ ఇది కాదు' అన్న మాట. సూపర్‌మ్యాన్ ఎర్ర నిక్కరే తీసుకోండి. 2024లో కొత్త డ్రెస్ మొదటి ఫోటో రాగానే, తర్వాత నిక్కరు కూడా కనబడగానే, 'పాతకాలం వేషం' అని ఒకరు, 'హమ్మయ్య, అసలు డ్రెస్ తిరిగొచ్చింది' అని ఇంకొకరు. కామిక్స్‌లో 2011 రీలాంచ్‌లో ఆ నిక్కరు పోయింది, 2018లో 'యాక్షన్ కామిక్స్' 1000వ సంచికతో తిరిగొచ్చింది. అంటే ఆ మధ్య ఏడేళ్లలో చదవడం మొదలుపెట్టినవాడికి నిక్కరు లేని సూపర్‌మ్యానే అసలు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు, వాళ్ల పుట్టిన తేదీలు చెబుతున్నారు.

'మ్యాన్ ఆఫ్ స్టీల్' క్లైమాక్స్‌లో సూపర్‌మ్యాన్ విలన్ జాడ్ మెడ విరిచినప్పుడు 'సూపర్‌మ్యాన్ ఎప్పుడూ చంపడు' అని పెద్ద గోల. 1988లో జాన్ బర్న్ రాసి గీసిన సంచికలో సూపర్‌మ్యాన్ క్రిప్టోనైట్‌తో జాడ్‌ని, ఇంకో ఇద్దరినీ చంపుతాడు. కాబట్టి వాస్తవంగా ఆ వాదన నిలబడదు. అయినా ఆ కోపం నకిలీది కాదు. కామిక్స్‌లో ఆ పని అతన్ని చాలాకాలం వెంటాడుతుంది. సినిమాలో ఒక్క కేక, ప్రియురాలు లోయిస్ కౌగిలి, తర్వాతి సీన్‌కి కథ తేలికపడిపోతుంది. జనానికి గుచ్చుకున్నది చంపడం కంటే చంపాక వచ్చిన ఆ నిశ్శబ్దం. చాలా తగాదాల్లో ఇంతే, చెప్పే కారణం ఒకటి, తగిలిన దెబ్బ ఇంకోచోట.

2025 సినిమాలో దీనికి జోడీ లాంటిది తల్లిదండ్రుల సందేశం. (చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి.) సగం చెడిపోయిన వీడియోలో సూపర్‌మ్యాన్‌ని కన్న జోరెల్, లారా కొడుక్కి ధైర్యం చెబుతుంటారు. మిగతా సగం బయటపడితే, భూమిని ఏలు, అడ్డొచ్చినవాళ్లని తొలగించు అని ఉంటుంది. పాత సినిమాల్లో జోరెల్‌ని మహానుభావుడిగా చూసినవాళ్లు దీన్ని అవమానంగా తీసుకున్నారు. అది విలన్ లూథర్ కల్పించిందే అని చివరిదాకా వాదించినవాళ్లున్నారు, సినిమా మాత్రం అది నిజమైన సందేశమనే చెబుతుంది. కొత్తగా చూసిన పిల్లలకి ఇదసలు సమస్యే కాదు. వాళ్లకి అతని అమ్మానాన్నలంటే అతన్ని పెంచిన, పొలంలో ఉన్న కెంట్ దంపతులే, దర్శకుడు చెప్పదలుచుకుందీ అదే. ఒకే సీను, పోల్చే వస్తువు మారగానే టాక్ మారిపోయింది.

విడుదలకు ముందు గోలకి ఎంత విలువివ్వాలి? నటుడి ఎంపిక మీద వచ్చే కోపానికైతే దాదాపు సున్నా. మైకేల్ కీటన్‌ని బ్యాట్‌మ్యాన్‌గా ప్రకటించినప్పుడు స్టూడియోకి దాదాపు 50,000 నిరసన ఉత్తరాలు వచ్చాయని చెబుతారు. 1989లో సినిమా వచ్చాక ఆ గొంతులు మళ్లీ వినబడలేదు. హీత్ లెడ్జర్‌ని జోకర్‌గా తీసుకున్నప్పుడూ అంతే, ఆ పాత్రకే ఆయన మరణానంతరం ఆస్కార్ వచ్చింది. 2022లో బ్యాట్‌మ్యాన్‌గా వచ్చిన ప్యాటిన్సన్ విషయంలోనూ అదే కథ. పట్టించుకోవాల్సింది నిర్దిష్టమైన ఫిర్యాదుల్ని. 2015 'ఫెంటాస్టిక్ ఫోర్'లో నటి కేట్ మారా జుట్టు కొన్ని సీన్లలో విగ్గని తెలిసిపోయేది, అవి తర్వాత మళ్లీ తీసిన సీన్లని అభిమానులు ఏరి చూపించారు. విడుదలకు ముందురోజు రాత్రి దర్శకుడే, ఏడాది కిందట తన దగ్గర మంచి వెర్షన్ ఉండేదని ట్వీట్ చేసి తీసేశాడు. 'మా హీరో ఇలా ఉండడు' అన్న మాటకీ, 'ఈ సీను తర్వాత అతికించారు' అన్న మాటకీ ఉన్న బరువు ఒకటి కాదు.

హ్యాష్‌ట్యాగుల సంఖ్యని మాత్రం చేత్తో తూచి చూడాలి. స్నైడర్ కట్ ఉద్యమం ('జస్టిస్ లీగ్' సినిమాకి దర్శకుడు జాక్ స్నైడర్ సొంత వెర్షన్ విడుదల చేయమన్న ఉద్యమం) వెనక నిజమైన అభిమానులు వేలల్లో ఉన్నారు, 2021 మార్చిలో ఆ సినిమా వచ్చింది కూడా. అయితే స్టూడియో చేయించిన పరిశీలనలో ఆ చర్చలోని ఖాతాల్లో కనీసం 13 శాతం నకిలీవని తేలినట్టు 2022లో బయటికొచ్చింది.

ఇప్పుడు లెక్కలో జరిగే పొరపాట్లు. మొత్తాన్ని మొదటి వారాంతంతో భాగించేముందు సినిమా వారంలో ఏ రోజు విడుదలైందో చూడండి. 2012 'ది అమేజింగ్ స్పైడర్‌మ్యాన్' శుక్ర, శని, ఆదివారాల్లో చేసింది 6.2 కోట్ల డాలర్లు, మొత్తం 26.2 కోట్లు. భాగిస్తే 4.2 వస్తుంది, చూసినవాడు 'అద్భుతమైన రన్' అంటాడు. కానీ అది మంగళవారం విడుదలైంది. ఆరు రోజుల్లో 13.7 కోట్లు వచ్చేశాయి. ఆ లెక్కన భాగిస్తే 1.9. 'బ్యాట్‌మ్యాన్ బిగిన్స్' కూడా బుధవారం విడుదల: మూడు రోజుల లెక్కలో 4.2, ఐదు రోజుల లెక్కలో 2.8. రెండు సినిమాలూ మూడు రోజుల లెక్కలో కవలల్లా ఉన్నాయి, అసలు లెక్కలో ఒకదానికొకటి పోలికే లేదు. 'మ్యాన్ ఆఫ్ స్టీల్'కి ఇంకో మెలిక ఉంది. గురువారం ప్రత్యేక షోలకి వచ్చిన 1.2 కోట్లు ఆ 11.66లో లేవు. ఇప్పటి సినిమాల ప్రివ్యూ డబ్బులు శుక్రవారంలో కలిపేస్తారు. అవి కూడా కలిపి లెక్కేస్తే దాని 2.5 కాస్తా 2.3 దగ్గరికి దిగుతుంది, పైన చెప్పిన తేడా ఇంకా పెరుగుతుంది.

అలాగని ఈ అంకెలు నచ్చడాన్ని మాత్రమే కొలవవు. పక్క వారం పెద్ద సినిమా పడితే మంచి సినిమా కూడా జారుతుంది. సెలవు వారాంతంలో వస్తే డ్రాప్ ఎక్కువగా కనిపిస్తుంది.

చివరిగా, పాత టాక్ చదివేటప్పుడు దాని తేదీ చూడండి. 2012లో స్పైడర్‌మ్యాన్‌ని మళ్లీ మొదటినుంచి చెప్పినప్పుడు పాత సిరీస్ చివరి సినిమా వచ్చి ఐదేళ్లే. హీరోని పెంచిన అంకుల్ బెన్ మళ్లీ చనిపోయాడు, జనం 'మళ్లీనా' అన్నారు. 2017లో తర్వాతి రీబూట్ ఆ చావు జోలికే పోలేదు, 2022 'ది బ్యాట్‌మ్యాన్' హీరో తల్లిదండ్రులు వేన్ దంపతుల హత్యని చూపించలేదు, 2025 'సూపర్‌మ్యాన్' తెర మీద కొన్ని వాక్యాలతో పుట్టుపూర్వోత్తరాలు ముగించేసింది. ఆ 'మళ్లీనా'ని స్టూడియోలు వినకపోలేదు. 2012 స్పైడర్‌మ్యాన్ ఆండ్రూ గార్‌ఫీల్డ్ విషయానికొస్తే, 2021 డిసెంబరులో ముగ్గురు స్పైడర్‌మ్యాన్‌లు ఒకే తెర మీద కనిపించాక ఆయనతో మూడో భాగం తీయమని హ్యాష్‌ట్యాగ్ నడిచింది. ఆయన 2012 సినిమాలో ఒక్క ఫ్రేము కూడా మారలేదు.