కూరస్ దొర గడి, మా ఇంటి పెనం

పెనం సంగతి ముందు చెప్పేస్తాను, అది కడుపులో పెట్టుకుని పడుకోలేను. పోయినేడు సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి తెచ్చుకున్న అమ్మ ఇనప పెనాన్ని ఈయన పొద్దున డిష్‌వాషర్‌లో పెట్టారు. నాకు సాయం చేద్దామనేనట. బయటికి తీసేసరికి ఆ నల్లటి నున్నదనం అంతా పోయి, మధ్యలో ఎర్రగా తుప్పు. పదకొండు నెలలు ఉల్లిపాయ ముక్కతో నూనె రుద్ది రుద్ది దారికి తెచ్చుకున్నాను దాన్ని. మొదటి మూడు నెలలు ఒక్క దోసె సరిగ్గా లేవలేదు, మీకు అప్పుడే రాశాను కూడా. పైగా "కొత్తది కొందాం లే, ఇరవై పౌండ్లే కదా" అన్నారు. పెనం పాడుచేసినందుకు కాదు, ఆ 'ఇరవై పౌండ్లే' అన్నందుకు కోపం.

ఆ మూడ్‌లోనే ఇక్కడ స్కాట్లాండ్‌లో కూరస్ అనే ఊరు వెళ్ళాం. స్పెల్లింగ్ చూస్తే కల్‌రాస్ అనాలనిపిస్తుంది, ఇక్కడ అలా అంటే నవ్వుతారు. డన్‌ఫర్మ్లిన్ నుంచి కారులో ఎంతోసేపు పట్టదు, ఫోర్త్ నది సముద్రంలో కలిసే చోట ఒడ్డున చిన్న ఊరు. చిన్నదానికి కోళ్ళు చూపిస్తానని వాళ్ళ నాన్న మాటిచ్చారు. అక్కడి తోటలో పొట్టి కాళ్ళ స్కాట్లాండ్ కోళ్ళుంటాయి, నడుస్తుంటే పొట్ట నేలకి తగులుతుందేమో అనిపిస్తుంది. అది వాటి వెనకే నడిచింది గంటసేపు. అదొక్కటే ఇవాళ్టి సంతోషం, అది అయిపోయింది, ఇక చెప్పడానికేం లేదు.

తీరా అక్కడికి వెళ్తే ఏం తెలిసిందంటే, ఒకప్పుడు కూరస్ దేనికి పేరంటే పెనాలకట! రొట్టెలు కాల్చే గుండ్రటి ఇనప పెనాలు. 1599లో ఆరో జేమ్స్ రాజు, వాటిని చేసే హక్కు ఈ ఊరి కమ్మరులకే రాసిచ్చాడు. అది చదివి నేను ఈయన వైపు చూశాను. ఈయన గోడ వైపు చూశారు.

గోడ నిజంగా చూడదగ్గదే, పసుపుకీ కావికీ మధ్య రంగు. మేం చూడ్డానికెళ్ళిన ఆ ఇంటిని కూరస్ ప్యాలెస్ అంటారు గానీ దాన్ని ఏ రాజూ కట్టుకోలేదు. సర్ జార్జ్ బ్రూస్ అనే వర్తకుడు 1597లో మొదలుపెట్టి 1611 దాకా కట్టుకుంటూ పోయిన ఇల్లు. బొగ్గు, ఉప్పు ఎక్కించుకుని హాలండ్ వైపు వెళ్ళిన ఓడలు ఖాళీగా తిరిగొస్తే తూలిపోతాయి కాబట్టి బరువు కోసం ఎర్ర పెంకులు వేసుకొచ్చేవి, అవే ఈ ఊరి కప్పుల మీద. లోపల చెక్క పైకప్పులకి నీతికథల బొమ్మలు వేయించుకున్నాడు. డబ్బూ పత్రాలూ దాచుకోవడానికి ఇనప తలుపుల గది ఒకటి. ఇంత ఉండీ కిటికీలకి పైసగమే అద్దం, కిందసగం చెక్క తలుపులు. అద్దం అంత ఖరీదన్నమాట. నాకు బాగా నచ్చింది మాత్రం పేరు చెక్కించుకున్న రాళ్ళు. 1597 రాయి మీద ఉత్త 'జి.బి.' 1611 రాయి మీద 'ఎస్.జి.బి.' మధ్యలో సర్ బిరుదొచ్చింది మరి. నేమ్‌ప్లేట్ మీద డిగ్రీ చేర్పించుకోని మనిషి ఏ దేశంలోనూ ఉండడేమో.

ఈయనకి అతను తెగ నచ్చేశాడు. 1575లో ఇక్కడి మఠం వాళ్ళ దగ్గర పాత బొగ్గు గనిని కౌలుకి తీసుకున్నాడు బ్రూస్. నీళ్ళు నిండి ఎవరికీ పనికిరాకుండా పడున్న గని. నీళ్ళు తోడడానికి 3 గుర్రాలు తిప్పే చక్రం పెట్టించాడు, గొలుసుకి 36 బకెట్లు, 18 నిండి పైకొస్తుంటే 18 ఖాళీగా దిగుతుంటాయి. అలా తోడుకుంటూ సముద్రం కిందికి తవ్వించాడు. అంతటితో ఆగకుండా నీళ్ళ మధ్యలో రాళ్ళతో దీవిలాంటిది కట్టించి, అక్కడ ఇంకో బాయి (గనిలోకి దిగే గుంతని మా వైపు అలాగే అంటాం) దించాడు, బొగ్గు అక్కడే పైకి వచ్చి అక్కడే ఓడ ఎక్కేది. అమ్ముడుపోని పొడి బొగ్గుని కూడా పారేయలేదు, దాంతో సముద్రపు నీళ్ళు కాచి ఉప్పు చేయించాడు. వాళ్ళన్న ఎడ్వర్డ్ లాయరు, 1603లో రాజుతో పాటే లండన్ వెళ్ళి పెద్ద పదవిలో కూర్చున్నాడు. ఇంట్లో ఒకడు బాయి దగ్గర, ఒకడు దర్బారులో. ఎస్టేట్లు పెరగడానికి ఇంకేం కావాలి?

"చూడు, ఆ కాలంలోనే స్టార్టప్" అన్నారు ఈయన. స్టార్టప్ అట. నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండుతుంది, ఆఫీసు కాల్స్‌లో రోజూ వినేది చాలదా.

రాజు కథ మాత్రం చిన్నది పడీ పడీ నవ్వింది. 1617లో జేమ్స్ రాజు ఇక్కడికి వస్తే గని చూపించారట. ఒడ్డున దిగి, లోపల్లోపలే నడిచి, దీవి మీద తేలాడు. చుట్టూ నీళ్ళు చూసేసరికి గుండె జారి "ద్రోహం! ద్రోహం!" అని అరిచాడని చెప్పుకుంటారు. బ్రూస్ పక్కనే కట్టేసి ఉన్న పడవ చూపించాడట.

అక్కడి నుంచి కొండ ఎక్కి మఠం చర్చికి వెళ్ళాం. గొడవ మొదలైంది అక్కడ. బ్రూస్ సమాధి పాలరాతి లాంటి తెల్లరాయి, ఆయనా భార్య మార్గరెట్ ప్రింరోజ్ పక్కపక్కన పడుకుని ఉంటారు. ముందు వరసగా ఎనిమిది మంది పిల్లలు, ముగ్గురు కొడుకులు, ఐదుగురు కూతుళ్ళు, మోకాళ్ళ మీద చేతులు జోడించి. "ఎంత బుద్ధిమంతులో" అన్నారు ఈయన. మరి ఆ బొగ్గు మోసినవాళ్ళ పిల్లలెక్కడ అన్నాను నేను. నాకు తెలిసిన సంగతి ఒకటుంది కదా, ఆగలేకపోయాను. 1606లో స్కాట్లాండ్‌లో ఒక చట్టం తెచ్చారు. పాత యజమాని చీటీ ఇవ్వందే బొగ్గు పనివాణ్ణీ ఉప్పు పనివాణ్ణీ ఇంకెవరూ పనిలో పెట్టుకోకూడదు. పారిపోతే ఏడాది లోపల పట్టుకుని తెచ్చుకోవచ్చు, దొరికినవాడు దొంగ కింద లెక్క, ఎందుకంటే తన ఒంటిని తనే ఎత్తుకుపోయాడట! గని అమ్మితే మనుషులు దాంతో పాటే పోయేవారు. బిడ్డకి బాప్టిజం ఇచ్చే రోజున తండ్రి చేతిలో నాలుగు నాణేలు పెడితే ఆ బిడ్డ కూడా ఆ బాయికే రాసిచ్చినట్టు. 1701లో మనుషుల్ని ఊరికే నిర్బంధించకూడదని చట్టం చేసినప్పుడు కూడా వీళ్ళకి వర్తించదని రాశారు. పూర్తిగా విడుదలయ్యేసరికి 1799. ఈ పసుపు గోడల్ని చూసి మనం ఫోటోలు దిగుతున్నాం.

దానికి ఈయన, ఏదో మామూలుగా, "మీ అన్న ఉద్యోగం కూడా అలాంటిదే కదా, తండ్రి తర్వాత కొడుకు" అన్నారు.

తిరిగొచ్చేదాకా కారులో నేను మాట్లాడలేదు. పెనం, ఇది, రెండూ కలిసి.

ఎలా ఒకటవుతుంది చెప్పండి? మా అన్నది సింగరేణి బొగ్గు గనిలో పని, బాపు అన్‌ఫిట్ అయితే వాడికొచ్చింది. ఆ వారసత్వ ఉద్యోగం కోసం మా దగ్గర సమ్మెలు చేశారు. నెల జీతం, పీఎఫ్, క్వార్టరు. వద్దనుకుంటే మానేసి రావచ్చు, ఎవడూ గొలుసేసి లాక్కుపోడు. ఇదే ఈయనకి చెబుదామని వాక్యాలు తయారుచేసుకుంటూ కూర్చున్నాను. అంతలో ఆ జిలేబి గుర్తొచ్చింది.

నేను తొమ్మిదో తరగతి. బాపు అప్పటికే రెండేళ్ళుగా దగ్గుతున్నాడు, మోకాళ్ళు వంగేవి కావు. పని నుంచి వచ్చి ఎంత సబ్బు రుద్దినా కంటి రెప్పల అంచున బొగ్గు పోయేది కాదు, కాటుక పెట్టుకున్నట్టే ఉండేవాడు, పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళు ఆటపట్టించేవాళ్ళు. ఆ రోజు మెడికల్ బోర్డుకి పోయాడు. అమ్మ పొద్దుటి నుంచి దేవుడి పటం ముందే ఉంది. ఏమని మొక్కుతోందో నాకు తెలుసు, మొగుడు అన్‌ఫిట్ కావాలని, అయితేనే ఆ పని కొడుక్కి వస్తుంది. సాయంత్రం బస్సు దిగి, క్వార్టర్ల సందులో కుంటుకుంటూ వచ్చాడు, చేతిలో న్యూస్‌పేపర్ పొట్లం, అడుగంతా నూనె మరక. గుమ్మంలోనే "అయిన" అన్నాడు. అంతే. పక్కింటి వాళ్ళొచ్చి "అదృష్టవంతునివే" అని చేతులు పట్టుకున్నారు. మనిషి పనికిరాడని కాగితం ఇస్తే జిలేబి పంచిన రోజు అది. మేమందరం తిన్నాం. వేళ్ళు నాక్కుంటూ తిన్నాను నేను.

అన్న తినలేదు. అప్పుడు వాడు బస్టాండ్ దగ్గర ఫోటో స్టూడియోలో పని నేర్చుకుంటున్నాడు, ఫోటోలు కడిగే చీకటి గదిలో. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి అన్నాడు, నవ్వుతూనే, "ఆ రూముల ఎర్ర బల్బన్న ఉండె" అని. వాణ్ణి అడిగారా ఎవరైనా? నాకు గుర్తున్నంతలో లేదు. నా పేరైతే ఎవరి నోటా రాలేదు, ఆడపిల్లని కదా. ఆ ఐదుగురు కూతుళ్ళ లాగా పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. కానీ నా డిగ్రీ ఫీజు వాడి మొదటి జీతాల్లోంచే కట్టారు. అక్కడ మొదలై ఇదిగో ఇక్కడ, స్కాట్లాండ్‌లో దొర గడి చూసి నీతులు చెప్పేదాకా వచ్చాను.

అంటే ఈయన అన్నది నిజమేనా? సగం రాత్రి నిజమే అనుకున్నాను. ఇప్పుడు మళ్ళీ కాదనిపిస్తోంది. బాపు ఏమీ దొర కాదు, కొడుకుని అమ్ముకోలేదు. ఆయనకి ఇవ్వడానికి ఉన్న ఆస్తి అదొక్కటే, చెడిపోయిన ఊపిరితిత్తులకి బదులుగా వచ్చిన ఒక నౌకరీ. బ్రూస్‌కి పిల్లలకి ఇవ్వడానికి భూములున్నాయి, ఉప్పు బట్టీలున్నాయి. మూడో కొడుకు రాబర్ట్ వంశంలోనే తర్వాత ఎల్గిన్ ప్రభువులు పుట్టారు, అందులో ఇద్దరు మన దేశానికి వైస్రాయ్‌లుగా వచ్చారు, 1862లో ఒకరు, 1894లో ఒకరు. ఆ రెండో ఆయన వచ్చేసరికి ఇల్లెందులో సింగరేణి బొగ్గు తవ్వడం మొదలై 5 ఏళ్ళు. ఈ లెక్క వేసుకుని ఏం చేయాలో నాకు తెలీదు గానీ వేశాను.

ఇంకొకటి. 1625 మార్చిలో పెద్ద తుఫానొచ్చి ఆ దీవి బాయిని ముంచేసింది. అదే నెలలో రాజు పోయాడు. మే నెలలో బ్రూస్ పోయాడు. అంత సంపాదించిన మనిషి చివరికి నీళ్ళే చూస్తూ పోయుంటాడు పాపం అనిపించి, వెంటనే నా మీద నాకే చిరాకేసింది, పాపమేంటి అసలు?

పన్నెండున్నరకి అన్నకి ఫోన్ చేశాను, అక్కడ ఐదు, ఫస్ట్ షిఫ్ట్‌కి తయారవుతుంటాడని తెలుసు. జిలేబి సంగతి అడుగుదామనే చేశాను. అడగలేకపోయాను. బదులుగా సముద్రం కింద గని గురించి చెప్పాను, రాజు అరిచింది చెప్పాను. వాడు రాజు దగ్గర నవ్వలేదు. "పైన సముద్రం పెట్టుకొని కప్పు ఎట్ల ఆపిండ్రే?" అన్నాడు. తెలీదన్నాను. బకెట్ల లెక్క చెప్పాను, 18 పైకి, 18 కిందికి, 3 గుర్రాలు. కాసేపు ఏమీ మాట్లాడలేదు, గిన్నెలో చెంచా తిరుగుతున్న చప్పుడు, చాయ్ కలుపుకుంటున్నట్టున్నాడు.

"మూడేనా? మరి రాత్రి షిఫ్టుకి?" అన్నాడు.